అమావాస్యకి ముందు నల్లబంతి

1997 చలికాలంలో ఒక ఆదివారం, సాయంత్రం నాలుగుంపావుకి, విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి నాలుగు బోట్లు వేటకి బయల్దేరాయి. వాటితో కలిసి వెళ్లాల్సిన ఐదో బోటు జెట్టీకి కట్టేసే ఉంది.

ఐసు మధ్యాహ్నమే ఎక్కించారు. డీజిలు నింపారు. బియ్యం, ఉల్లిపాయలు, నీళ్లు ఎక్కాయి. ఎక్కనిది డ్రైవరు అప్పలరాజు ఒక్కడే. అతను జెట్టీ ఎదురుగా జగ్గయ్య టీకొట్టులో, టీవీ ముందు బల్ల మీద కూర్చున్నాడు.

టీవీలో బ్యాంకాక్ నుంచి స్నూకర్ ఫైనల్ వస్తోంది, కర్రతో బంతుల్ని కొట్టి పాకెట్లలో వేసే ఆట. ఒకడు థాయిలాండ్ కుర్రాడు. రెండోవాడు వేల్స్ దేశస్థుడు, పేరు ప్రైస్. ప్రైస్‌ని అప్పలరాజు ముసలాడు అంటాడు. ముసలాడికి నలభై రెండేళ్లు, అప్పలరాజుకీ అంతే. ముసలాడు ఇంతకు ముందు నాలుగు ఫైనల్స్ ఆడి నాలుగూ ఓడిపోయాడు. అందులో మూడు అప్పలరాజు ఈ బల్ల మీదే కూర్చుని చూశాడు. నాలుగోది ఓడినప్పుడు సముద్రంలో ఉన్నాడు. తాను చూడలేదు కాబట్టి అదొక్కటీ గెలిచి ఉంటాడని ఒడ్డుకి వచ్చేదాకా అనుకున్నాడు.

నాలుగు బోట్లూ కదులుతుంటే పోలిరాజు కొట్టులోకి వచ్చాడు. అప్పలరాజు భార్యకి అన్న, అదే బోటులో కలాసీ. డ్రైవరుకి జ్వరం వస్తే బోటు నడిపేది అతనే.

"బావా, ఆళ్లు ఎలిపోతన్నారు. మనం ఎప్పుడు?"

"ఇప్పుడెల్తే హార్బర్ దాటకుండానే రాహుకాలం తగుల్తాది. ఆరు దాటాక ఎల్దాం."

ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. ఆ మాట అబద్ధం కాదు. కానీ అప్పలరాజు నోట ఆ మాట ఎవరూ ఇంతవరకు వినలేదు.

"పోయిన ట్రిప్పు రాహుకాలంలోనే తాడు ఇప్పీసినావు. అప్పుడు రాహువు సెలవు పెట్టినాడేటి?"

"నోరుముయ్. టీ తాగు."

"నానేటి సెప్పాలి కలాసీలకి? మా బావకి బంతులాట ఉంది, ఐసు కరిగినా పర్లేదు అనీమంటావా?"

"రాహుకాలం అని సెప్పు."

పోలిరాజు చెప్పాడు. కలాసీలు నవ్వారు గానీ కాదనలేదు. ఒకడు వల మీదే పడుకున్నాడు.

అయిదున్నరకి బోటు యజమాని శ్రీనివాసరావు స్కూటరు మీద వచ్చాడు. ఆయనది పాలకొల్లు. పోర్టు ఉద్యోగానికి వచ్చి, ఉద్యోగం మానేశాక బోటు కొన్నాడు. నాలుగు బోట్లు వెళ్లిపోయి తనది కదలకపోవడం చూసి కొట్టులోకి విసురుగా వచ్చాడు. పోలిరాజు లేచి నిలబడి రాహుకాలం సంగతి చెప్పాడు. చెబుతూ బావ వైపు చూశాడు.

శ్రీనివాసరావు చల్లబడ్డాడు. "మంచి పని చేశావయ్యా అప్పలరాజూ. ఇన్నాళ్లకి నీకు బుద్ధొచ్చింది. వాళ్లకి లేకపోయింది."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. గోడ మీద పూర్ణా మార్కెట్ తాళ్ల కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండరు ఉంది. రాహుకాలం చూద్దామని ఆయన కళ్లజోడు పెట్టుకుని దాని దగ్గరికి వెళ్లాడు. తారీకు మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

"ఆరూ ఇరవైకి అమావాస్య వస్తోంది."



"అమావాస్య నాడు నా బోటు తాడు విప్పరు. మా నాన్నగారు గోదాట్లో పడవ కూడా పంపలేదు. రేపు సాయంత్రం దాకా ఉంటుంది. అప్పటికి ఐసు నీళ్లయిపోతుంది." ఆయన కళ్లజోడు తీశాడు. "ఆరుకీ ఆరూ ఇరవైకీ మధ్య బోటు కదలాలి. టీవీ అయ్యిందా అవ్వలేదా నాకనవసరం. నువ్వు రాకపోతే పోలిరాజు విప్పుతాడు. ఈ ట్రిప్పుకి స్టీరింగ్ వాడిదే."

"వత్తాను బాబూ," అన్నాడు అప్పలరాజు. కళ్లు టీవీ మీదే ఉన్నాయి.

డ్రైవరుగా ఎక్కాల్సినవాడు కలాసీగా ఎక్కితే హార్బర్‌లో ఏడాది చెప్పుకుంటారు. అది అప్పలరాజుకి తెలుసు. ఇదివరకు ఇద్దరి గురించి అలా చెప్పుకున్నవాళ్లలో అతనూ ఉన్నాడు.

ఆరింటికి ఇద్దరూ చెరో ఎనిమిది ఫ్రేములు గెలిచి ఉన్నారు. ఆఖరి ఫ్రేము నడుస్తోంది. ఎర్రబంతులు అయిపోయాయి. బల్ల మీద నీలం, గులాబి, నలుపు మిగిలాయి. నీలానికి అయిదు, గులాబికి ఆరు, నలుపుకి ఏడు. ముసలాడు పన్నెండు పాయింట్లు వెనకబడి ఉన్నాడు. మూడూ వేస్తేనే గెలుపు. కొట్టే వంతు ముసలాడిది.

"రాహుకాలం అయిపోనాది బావా," అన్నాడు పోలిరాజు. తలుపు దగ్గర నిలబడ్డాడు గానీ బయటికి వెళ్లలేదు.

ముసలాడు బల్ల చుట్టూ ఒకసారి నడిచాడు. నీలం వేశాడు.

"ఇంకెన్ని?"

"రెండు."

"రెండే కదా. లే. దారిలో నాను సెప్తాను ఏటయ్యుంటాదో."

"నువ్వు సెప్తే ఆడు ఓడిపోతాడు."

ముసలాడు గులాబి వేశాడు. కర్రతో కొట్టే తెల్లబంతి రావాల్సిన చోటికి రాలేదు. బల్ల అంచు కుషన్‌కి అంటుకుని ఆగింది. నల్లబంతి బల్లకి ఆ చివర ఉంది. ముసలాడు ఒక్క పాయింటు వెనక. నలుపు ఎవడు వేస్తే వాడిదే కప్పు.

జగ్గయ్య పాలగిన్నె కింద స్టవ్వు తగ్గించాడు. శ్రీనివాసరావు వాచీ చూశాడు. "ఆరూ పది."

ముసలాడు నలుపుని వేయడానికి చూడలేదు. దాన్ని దూరంగా పంపి తెల్లబంతిని ఈ చివరికి తెచ్చాడు. కుర్రాడూ అదే చేశాడు. మళ్లీ ముసలాడు, మళ్లీ కుర్రాడు. ఇద్దరూ కొట్టడం లేదు, దాస్తున్నారు. ఒక్కో దెబ్బకి ముందు ఇద్దరూ కూర్చుని, లేచి, వంగి చూస్తున్నారు.

"ఈళ్లకి అమావాస్య లేదేటి?" అన్నాడు పోలిరాజు.

"పోలిరాజూ," అన్నాడు శ్రీనివాసరావు. "వెళ్లి ఇంజను స్టార్ట్ చెయ్."

పోలిరాజు బావ వైపు చూశాడు. "బావా. ఆఖరుసారి అడుగుతన్నాను. ఆ స్టీరింగ్ నాకు అక్కర్లేదు. లే."

అప్పలరాజు లేవలేదు. చెయ్యి మాత్రం ఎత్తి, ఆగు అన్నట్టు పెట్టాడు. పోలిరాజు ఆ చెయ్యి దిగేదాకా చూశాడు. తర్వాత టీవీ వైపు చూస్తూ వెనక్కి నాలుగడుగులు వేసి, తిరిగి జెట్టీ మీదికి పరుగెత్తాడు.

ఇంజను చప్పుడు కొట్టులోకి వినిపించింది. కుర్రాడి దెబ్బకి నలుపు మూల దాకా వచ్చి, పాకెట్‌కి జానెడు దూరంలో ఆగింది. ముసలాడు లేచాడు. సుద్దముక్క కర్రకి రాశాడు. అప్పలరాజు తాను కూర్చున్న బల్ల అంచు రెండు చేతులా పట్టుకున్నాడు. జెట్టీ మీద కొబ్బరికాయ పగిలిన చప్పుడు అయింది. అది బోటు కదిలే ముందు డ్రైవరు కొట్టే కాయ.

అతను తల తిప్పలేదు.

ముసలాడు కొట్టాడు. నలుపు పడింది. తెల్లబంతి ఆగలేదు. ఎదురు కుషన్‌కి తగిలి, బల్ల మీదుగా అవతలి మూల పాకెట్ వైపు దొర్లింది. అందులో పడితే నలుపు లెక్కకి రాదు, కప్పు కుర్రాడిది. ముసలాడు కర్ర పట్టుకుని దాని వెంట నడిచాడు. తెల్లబంతి పాకెట్ పెదవి మీదికి వచ్చింది. ఆగింది.

జగ్గయ్య ఏదో అన్నాడు. అప్పలరాజు వినలేదు. చెప్పులు కొట్టులోనే వదిలేసి పరుగెత్తాడు. బోటుకీ జెట్టీకీ మధ్య అప్పటికే నీళ్లు కనిపిస్తున్నాయి. దూకాడు. ఇద్దరు కలాసీలు చొక్కా పట్టుకుని లోపలికి లాగారు. శ్రీనివాసరావు జెట్టీ మీద నిలబడి వాచీ చూసుకున్నాడు. ఆరూ పంతొమ్మిది.

అప్పలరాజు ఊపిరి తీసుకుని స్టీరింగ్ దగ్గరికి వెళ్లాడు. పోలిరాజు రెండు చేతులతో దాన్ని పట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు.

"జరుగు," అన్నాడు అప్పలరాజు.

"రావుగారు ఈ ట్రిప్పు నాదన్నాడు. నీ ఎదురుగానే అన్నాడు."

"అక్కర్లేదన్నావు."

"అప్పుడు నువ్వు లేచుంటే అక్కర్లేదు."

బోటు హార్బర్ నోరు దాటింది. యారాడ కొండ మీద లైట్‌హౌస్ వెలిగింది. పోలిరాజు తల తిప్పకుండా అడిగాడు.

"ఏటయ్యింది? నలుపు ఎవులేసినారు?"

"స్టీరింగ్ వదులు. సెప్తాను."

పోలిరాజు ఆలోచించాడు. వెనక కలాసీలు కూడా వింటున్నారు.

"నలుపు పడిందా లేదా, అదొక్కటి సెప్పు."

"వదులు."

పోలిరాజు వదల్లేదు. అప్పలరాజు వెనక్కి వెళ్లి వల మీద కూర్చున్నాడు.

బోటు పన్నెండో రోజు పొద్దున జెట్టీకి వచ్చింది. స్టీరింగ్ పోలిరాజు చేతిలో ఉంది. ముసలాడు గెలిచాడన్న సంగతి అప్పటికి ఆ బోటులో అప్పలరాజుకి ఒక్కడికే తెలుసు. పోలిరాజు తాడు కట్టీ కట్టకుండానే జగ్గయ్య కొట్టులోకి వెళ్లాడు.