మైనపు అంచు

తుకుమాన్ పట్టణంలోని మా ప్రయోగశాలలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా నమూనాలు పోసేవాణ్ని నేనే. కంటికి ఆనని అయస్కాంత రేణువులను కరిగిన మైనంలో చెదరగొట్టి, ఒకదాన్నొకటి తాకకుండా గడ్డకట్టించడం నా పని. గుంపులోని రేణువు గుంపు మాటే చెబుతుంది. దాని సొంత గుణం తెలియాలంటే ఏకాంతంలో నిలపాలి.

డాక్టర్ నొయెలియాది ఆరేళ్లుగా ఒకే మాట: తన రేణువులు ఒంటరిగా ఉన్నా, గది వేడిమిలో సైతం, అయస్కాంతత్వాన్ని వదలవని. శుక్రవారం ఉద్యోగాలు తేల్చే సంఘం కూర్చునేలోగా అది రుజువైతే ఆమె ఉద్యోగం నిలుస్తుంది. లేకుంటే ఈ గదికి తాళమే. కొలిచే యంత్రాన్ని చల్లబరిచే ద్రవ హీలియం ఒక్కసారికే మిగిలింది. ఇక కొనబోమని పైవారు రాసి పంపారు.

బుధవారం మధ్యాహ్నం నేను కాల్చిన మాంసం కోసుకుంటుండగా ఆమె గుమ్మంలోంచి పిలిచింది.

"పెద్దాయనా, ఆ ఎద్దును తర్వాత మింగుదురుగాని. ఇక్కడ హీలియం ఆవిరైపోతోంది."

"పళ్లు లేనోడి తిండికి కూడా దిష్టి పెడతావేం, డాక్టరమ్మా."

రేణువులున్న మైనపుబిళ్ల యంత్రపు గొట్టంలో పట్టలేదు. అంచు చెక్కి, సిలువ గుర్తు వేసుకుని, అందించాను.

సాయంకాలం తెరమీద అయస్కాంతత్వం చూపే గీత, బిళ్లను ఎంత వేడెక్కించినా, కిందికి దిగలేదు.  నొయెలియా మాతే ఆకు కషాయం గిన్నెలో నింపి నా చేతికిచ్చింది.

"నా రేణువులు మరిచిపోలేదు చూడండి. ఒంటరిగా ఉన్నా మరిచిపోలేదు."

కషాయం గొంతు దిగుతుండగా నా చూపు బల్లమీద పడింది. ఇనుప రవ్వ అంటకుండా మైనం చెక్కడానికి ఎద్దు ఎముకతో నేను చేసుకున్న కత్తి దాని పెట్టెలోనే ఉంది. మాంసం పక్కన నా ఉక్కు కత్తి, దాని అంచున మైనం. మా ప్రాంతపు మగవాడికి నడుమున ఉండే కత్తి ఆరోవేలు. ఏ వేలితో ఏం తాకామో ఎవరు తలచుకుంటారు?

"అమ్మాయీ, ఆ గీత నీ రేణువులది కాదేమో. నేను ఉక్కుతో చెక్కాను."

ఆమె కత్తిని అందుకుని, గోటితో మైనం గీకి చూసింది.

"ఉత్త మైనాన్ని దీంతోనే చెక్కి కొలుద్దామా?" అన్నాను.

"దేంతో కొలుస్తాం? హీలియం అయిపోయింది, యంత్రం వేడెక్కిపోయింది." కత్తి బల్లమీద పెట్టి, "చెప్పకుండా ఉండాల్సింది," అంది.

"ఉండగలనా?"

"ఉండలేరు. అదే మీ దరిద్రం. నాదీ అదే."

శుక్రవారం ఆమె సంఘానికి ఒక్క వాక్యమే రాసిచ్చింది: నమూనా కలుషితం, ఫలితం లేదు. సోమవారం తాళం పడింది.

ఆ బిళ్ల నా దగ్గరే ఉంది. అందులో ఉక్కు ఎంతో, ఆమె ఆరేళ్లు ఎంతో తేల్చే సాధనం ఈ ఊళ్లో ఇక లేదు.