బ్రేకులు చేసినవాడి సీటు

బాలశౌరి పరిశ్రమాధిపతి అయి మూడు నెలలు. ఆ సామ్రాజ్యం ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు, ఒక అచ్చు యంత్రం, గుమ్మం మీద తన పేరున్న బోర్డు. మార్గదర్శకులకు మాత్రం కొరత లేదు. బ్యాంకు ఏజెంటుగారు ధైర్యం గురించి ఉపన్యసించారు. పరిశ్రమల శాఖ అధికారి దూరదృష్టి మీద కరపత్రం అనుగ్రహించారు. వారంతా షెడ్డు బయటి నీడలో నిలబడే ఉద్ధరించారు. లోపలికొచ్చి పీట వాల్చుకున్నవాడు ఒక్కడే, ముప్పై ఏళ్లుగా లారీలు బాగుచేస్తున్న రహ్మాన్ మేస్త్రీ. ఆయన ఉపదేశం కూడా ఒక్క ముక్కే.

"బ్రేకులు చేసినోడు మొదటి లోడప్పుడు ముందు సీట్లో కూర్చోవాలబ్బాయ్. బండి నేను తోలతా."

విన్న రోజున బాలశౌరికి అది మహా ఘనంగా తోచింది. డెబ్భై ఆరు డిసెంబరులో, ఇబ్రహీంపట్నం దగ్గరి క్వారీ గుట్ట నెత్తిన, నిండా కంకర నింపిన లారీలో కూర్చున్న ఈ ఉదయం మాత్రం అదే మాట శిక్షలా వినిపిస్తోంది.

కారణం అతనొక్కడికే తెలుసు. చక్రాన్ని ఒరుసుకుని ఆపే బ్రేకు లైనర్లను అచ్చువేశాక ఆరు గంటలు కాల్చాలి. సొంత కొలిమికి స్తోమత లేక, వన్ టౌన్‌లో పిన్ని తెరేసమ్మ నడిపే రొట్టెల బట్టీలో కాల్చేవాడు. ఈ తడవ మూడో గంటకే పిన్ని ట్రేలన్నీ బయటికి లాగించింది.

"నాలుగొందల కేకులు కాలాలిరా. బాలయేసు కన్నా నీ బ్రేకులు గొప్పయ్యా?"

కతోలిక ఇంట పుట్టినవాడెవడూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేడు. గడువు దగ్గరపడటంతో సగం కాలిన వాటినే బిగించాడు. పైకి నల్లగా, నున్నగా నిక్షేపంలా ఉన్నాయి. వేడెక్కాయంటే అటుకుల్లా రాలిపోతాయి.

లారీల యజమాని సంజీవరావు కిటికీ దగ్గరికి వచ్చాడు. ఈ పరీక్ష నెగ్గితే ఆయన పద్దెనిమిది లారీలకూ లైనర్లు బాలశౌరివే. తప్పితే షెడ్డుకు తాళమే.

"ఏమండీ, చెమటలు పడుతున్నాయే?"

"ఇంజను వేడండీ."

"ఇంజను ఆపి అరగంటైందండీ," అన్నాడు సంజీవరావు.

ముందు దారి నిట్రగా దిగిపోతోంది. కింద మలుపులో, గోనెపట్టాల నీడన, ఆరుగురు ఆడవాళ్లు రాళ్లు కొడుతున్నారు. వారి సుత్తుల చప్పుడు గుట్ట నెత్తిదాకా వినిపిస్తోంది. స్టీరింగు ముందు రహ్మాన్ నిశ్చింతగా తస్బీ పూసలు తిప్పుతున్నాడు. ఈయనకు తెలిసే ఉంటుంది, అనుకున్నాడు బాలశౌరి. ముప్పై ఏళ్ల ముక్కుకు పచ్చివాసన అందకుండా ఉంటుందా? ఆఖరి క్షణంలో ఈయనే ఆపుతాడు.

ఆయన ఆపలేదు. ఇంజను మోగించాడు, గేరు వేశాడు.

"రావుగారూ, టైరు కింద రాయి తీయండి."

సంజీవరావు వంగాడు. రాయి కదిలిన చప్పుడు వినగానే బాలశౌరి కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"తీయొద్దండీ. లైనర్లు సగమే కాలాయి. తెలిసే బిగించాను."

ఇంజను ఆగింది. సర్వజ్ఞుడి చిరునవ్వు కోసం బాలశౌరి గురువు వైపు తిరిగాడు. ఆ ముఖం సున్నం కొట్టినట్టుంది. పూసలు కాళ్ల మధ్య పడి ఉన్నాయి.

"మీకు తెలుసనుకున్నాను, మేస్త్రీగారూ."

"నాకెట్టా తెలుస్తుంది? తెలిస్తే ఎక్కుతానా? మా ఆవిడ జైతూన్ బీ నన్ను ఇంట్లోకి రానిస్తుందా?" మేస్త్రీ వంగి పూసలు పైకి తీశాడు. "తేడా ఉంటే నువ్వు చెప్తావనే ఎక్కా. కాస్త ముందు చెప్పాల్సింది."

"బాగానే ఉందండీ," అన్నాడు సంజీవరావు. "ఈ లోడెవరు దింపుతారు?"

రహ్మాన్ తలుపు పట్టుకుని మెల్లగా దిగాడు. వెనక్కి వెళ్లి రెండు పారలు తీసి, ఒకటి శిష్యుడి చేతికిచ్చాడు. గంటన్నర పాటు ఇద్దరూ కంకర తోడుతుంటే సంజీవరావు రాతి మీద కూర్చుని చూశాడు.

"మళ్లీ ఎప్పుడు?"

"క్రిస్మస్ అయ్యాకండీ. ఆరు గంటలూ కాల్చి తెస్తాను."

"సాయిబుగారు మళ్లీ ఎక్కుతారా?"

"ఎక్కుతానండీ," అన్నాడు రహ్మాన్. ఆ గొంతులో ధైర్యం అనదగినదేదీ లేదు. "ఈసారి బట్టీ దగ్గర కూడా నేనే కూర్చుంటా."

సంజీవరావు లేచి బట్టలకంటిన దుమ్ము దులుపుకున్నాడు.

"ఒక్క లారీ మీకు ఉంచుతాను. మిగతావి తర్వాత చూద్దాం."

బాలశౌరి తల ఊపాడు. పార గట్టిగా పట్టుకుని మిగిలిన కంకర తోడసాగాడు.