చంద్రమ్మ మిషను

చంద్రమ్మ మిషను మీదే ప్రాణం విడిచింది. మదీనాగూడ చొక్కాల షెడ్డులో నలభై మంది ఆడవాళ్లు కళ్లారా చూశారు. కాలరు కుడుతూ కుడుతూ బిగుసుకుపోయి పక్కకు ఒరిగింది. మిషనంటే లక్ష్మి, చెప్పుకాలితో తొక్కుతామా? అందరివీ ఉత్త కాళ్లే, ఆమెవీ అంతే. "మూర్ఛరోగం" అన్నాడు సేటు. పక్క మిషను రుక్కమ్మ అవునని పోలీసు కాగితం మీద వేలిముద్ర వేసింది. పని పోతుందని భయం. ఆ భయమే కదా మన కొంపలు ముంచుతున్నది!

ఆ తర్వాత ఆ మిషను ముట్టినవాళ్లకల్లా చెయ్యి జివ్వుమనేది. చంద్రమ్మ అందులోనే ఉందన్నారు. సేటే నిమ్మకాయలు, మిరపకాయలు తెప్పించి కట్టించాడు. ఎంత భక్తో మహానుభావుడికి!

తొంభై ఎనిమిదిలో హైటెక్ సిటీ లేస్తుంటే చుట్టూ జాగాలకు రెక్కలొచ్చాయి. సేటు షెడ్డు అమ్మేసి, మిషన్లను శేరిలింగంపల్లి కొత్త షెడ్డుకు తరలించాడు. మిగిలిన మూడు పాతవాటిని రుక్కమ్మ, యాదమ్మ, పుణ్యవతి కలిసి కొన్నారు, సొంతంగా కుట్టుకుందామని. అందులో ఒకటి చంద్రమ్మది. రుక్కమ్మ దాని ముందు కూర్చోలేకపోయింది. స్విచ్చి వేయకపోయినా దాని చప్పుడు వినిపించేది. "ఎందుకేసినవే వేలు?" అని చంద్రమ్మ అడుగుతున్నట్టే ఉండేది. అన్నం సయించేది కాదు.

మెకానిక్ ఐలయ్య వచ్చి, స్విచ్చి వేసి చంద్రమ్మ మిషనుకు టెస్టరు ఆనించాడు. ఎర్రగా వెలిగింది.

"దయ్యం లేదు, గియ్యం లేదక్కా. ఒళ్లంత కరెంటే. ఎర్తు వైరు కోసేసిన్రు."

"ఎందుకు కోస్తరు?"

"ఎర్తు ఉంటె ఊకె ఫ్యూజు ఎగిరి పని ఆగుతది గదా! మూడిట్ల గిట్లనే ఉంది."

రుక్కమ్మ దిగ్గున లేచింది. "మరి కొత్త షెడ్డుల మిషన్లు?"

"గవి గూడ గీ పాత షెడ్డువే గదక్కా."

"అక్కడ డెబ్బై మంది ఆడపిల్లలున్నరు, ఐలయ్యా! రేపే పోయి చెప్దాం."

"పోలీసోళ్లొస్తె?" అంది యాదమ్మ.

"రానీ. సచ్చినామె తోని రోజూ మాట్లాడుతున్న, పోలీసోళ్లు ఒక లెక్కనా?"

మరునాడు ముగ్గురూ తోపుడుబండి మీద చంద్రమ్మ మిషను పెట్టుకుని, ఐలయ్యను వెంటబెట్టుకుని కొత్త షెడ్డు గేటు ముందు దిగారు. "దయ్యం మిషను నా గేటుకు తెస్తరా?" అని సేటు గయ్‌మన్నాడు. అంతలో ఐలయ్య లోపలికి దూరి మొదటి మిషనుకు టెస్టరు పెట్టాడు. వెలిగింది. రెండోదానికీ వెలిగింది.

"మాకు రోజూ కొడతది!" అని పింకీ అనే కుట్టుపిల్ల అరిచింది. "సేటు నిమ్మకాయ కట్టిండు, తగ్గుతదన్నడు!"

ఒక్కొక్కరే పెడల్ మీద నుంచి కాళ్లు తీశారు. మిషన్లన్నీ ఆగిపోయాయి.

సేటు పిలిపించిన పోలీసు జీపు వచ్చింది. "ఎవరే గొడవ పెట్టింది?" అన్నాడు ఎస్సై.

"నేనే సారూ. చంద్రమ్మకు మూర్ఛ లేకుండె. కరెంటు కొట్టి సచ్చింది. ఆనాడు అబద్ధానికి వేలేసిన. నన్ను జైల్ల ఎయ్యి, గని ఇగ నిజం రాస్కో."

"బందైన కేసది. గొడవ చేసినందుకు నడువ్ స్టేషనుకు" అని ఆమెను జీపెక్కించాడు.

పింకీ అడ్డం నిలబడింది. "అయితె నాది కొత్త కేసు రాయి. పొద్దుగాలే కొట్టింది నాకు."

"నాది గూడ రాయి!"

"నాది గూడ!"

సేటు పని పోతుందని బెదిరించాడు. ఎవరూ వెనక్కి తిరగలేదు. జీపు వెనక డెబ్బై మంది స్టేషను దాకా నడిచారు, పేర్లు రాయించడానికి.