మూడో లెవెల్

వదిన సంతోషకుమారి తోడు వెళితేనే ఫెబాను గుంటూరు పంపుతానన్నాడు ఆమె తండ్రి దానయ్య. అందుకే మిరపకాయల తొడిమలు తీసే పనులు ముగియగానే వదినా మరదళ్లిద్దరూ ఇంగ్లీషు నేర్పే చోట కలిసి చేరారు. నేర్చుకుంటే ఆసుపత్రి రిసెప్షన్లో ఉద్యోగం దొరుకుతుందని ఆశ. ఎవరు ఏ తరగతిలో కూర్చోవాలో ఆన్‌లైన్ పరీక్ష తేలుస్తుందన్నారు.

ఇంట్లోనే ఫోన్లో రాశారు. ముందున్న ప్రశ్నలకు ఫెబా ఏదో ఒకటి నొక్కేసింది. చివర్లో నచ్చిన విషయం మీద ఒక నిమిషం మాట్లాడమంది ఫోను. ఇంగ్లీషులో ఆమె ఆపకుండా చెప్పగలిగింది ఒక్కటే, చిన్నప్పుడు సండే స్కూల్లో పాస్టరమ్మ కంఠతా పట్టించిన ప్రార్థన. కళ్లు మూసుకుని ఆమెన్ దాకా చెప్పేసింది. సగం మాటలకు అర్థం తెలియదు.

"ఫోనుకు ప్రార్థన చేశావేంటి అమ్మాయ్" అని పడీ పడీ నవ్వింది వదిన.

మర్నాడు ఫలితాలొచ్చాయి. వదినకు మొదటి లెవెల్, పొద్దున తరగతి. ఫెబాకు మూడోది, మధ్యాహ్నం. దానయ్య చర్చిలో అందరికీ చెప్పుకున్నాడు. "దానికింక తోడెందుకు? ఇంగ్లీషొచ్చిన పిల్ల" అన్నాడు.

ఫెబా ఇంగ్లీషు సార్ దగ్గరకు వెళ్లింది.

"పొరపాటు జరిగిందండి. మా వదినతో కూర్చుంటాను. నేను చేసింది ప్రార్థనండి."

"పరీక్షకు ముందు అందరూ చేస్తారమ్మా."

"ముందు కాదండి..."

"కంప్యూటరిచ్చిన లెవెల్ మేం మార్చలేం. మూణ్ణెల్లాగి మళ్లీ రాసుకో. పైకెళ్లమంటే ఏడుస్తారేంటమ్మా ఎవరైనా?"

మొదటి రోజు మధ్యాహ్నం, తన తరగతి ముగించుకుని దిగుతూ మెట్ల దగ్గర వదిన ఎదురైంది.

"ఉండిపోదామనే ఉంది ఫెబా. పిల్లాడు బడి నుంచి వచ్చేస్తాడు."

"కాసేపు ఉండు వదినా."

"కాసేపుంటే మాత్రం? లోపలికి రానిస్తారా నన్ను?"

ఫెబా జడ సరిచేసి వదిన వెళ్లి ఆటో ఎక్కింది. మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది ఫెబా.

ఏసీ గదిలోకి వెళ్లగానే తలుపు మూశారు. నిన్న ఏం చేశారో ఒక్కొక్కరూ లేచి చెప్పాలట. ముందు వరుస అయిపోయింది. ఎవరో ఏదో అంటే అందరూ నవ్వారు. ఎందుకో తెలియక ఫెబా కూడా నవ్వింది. పక్కనున్న నజ్మీన్ గడగడా చెప్పి కూర్చుంది.

ఫెబా లేచింది. అన్ని తలలూ ఇటు తిరిగాయి.

"నాకు రాదండి" అంది.

సార్ చిరునవ్వుతో తల ఊపాడు.

"సరే. ఆ మాటే ఇంగ్లీషులో చెప్పమ్మా."