పక్క సీటు సమీక్ష

మా క్లబ్బులో చేరాలంటే రెండే షరతులు. ఎవరి కారును వాళ్ళే నడుపుకుంటూ రావాలి. లారీ మీద ఎక్కించుకొచ్చేవాళ్ళను నవ్వి వెనక్కి పంపేస్తారు. వచ్చాక ఆ కారు పక్కన నిలబడి, దాని మీద తాము రాసిన సమీక్షను అందరి ముందూ చదవాలి. అందులో లోపాలు కనీసం మూడు ఉండాలి, పొగడ్త ఒక్కటే ఉండాలి. చదవడం అయ్యాక, ఒప్పుకున్నవాళ్ళు తమ తమ కార్లలో కూర్చుని హారన్ కొడతారు. విస్కాన్సిన్ రాష్ట్రంలో మా ఊరివాళ్ళు హారన్ వాడేది ఈ ఒక్క పనికే. రోడ్డు మీద కొడితే ముందున్నవాడు నొచ్చుకుంటాడని మా భయం.

ముప్ఫై నాలుగేళ్ళపాటు, మే నుంచి సెప్టెంబరు దాకా, ప్రతి బుధవారం సాయంత్రం ఆ క్లబ్బుకు వెళ్ళాను. సభ్యురాలిని మాత్రం కాదు. సభ్యుడు మా ఆయన హార్లన్. ఐస్‌క్రీములాంటి కస్టర్డ్ అమ్మే దుకాణం వెనక ఖాళీ స్థలంలో మగవాళ్ళు కార్ల బానెట్లు ఎత్తి, పక్కన మడతకుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళు. ఆడవాళ్ళం తిండి బల్ల దగ్గర చేరి, మగవాళ్ళు అంతసేపు ఏం మాట్లాడుకుంటారా అని నవ్వుకునేవాళ్ళం.

అక్టోబరులో హార్లన్ పోయాడు. ఏప్రిల్ చివర్లో క్లబ్బు సెక్రటరీ డ్వైట్ క్రూగర్ ఫోన్ చేశాడు.

"ఆర్డిస్, నువ్వేం బెంగ పెట్టుకోకు. నిన్ను గౌరవ సభ్యురాల్ని చేసేశాం."

"అంటే నేనేం చెయ్యాలి?"

"ఏం చెయ్యక్కర్లేదు. గౌరవమంటే అదేగా."

"రావాలా?"

"నీ ఓపిక. రాలేకపోతే మా లవాన్ తిండి ప్లేటు పట్టుకొచ్చి ఇచ్చి వెళ్తుంది."

గౌరవ సభ్యత్వం సంగతి నాకు తెలుసు. నాకంటే ముందు, భర్త పోయినప్పుడు, బెర్నీస్‌కు ఇచ్చారు. మొదటి వేసవి ప్రతి వారం ప్లేటు వెళ్ళింది. రెండో వేసవి గుర్తొచ్చినప్పుడు వెళ్ళింది. మూడో వేసవి ఎవరో "అవునూ, బెర్నీస్ ఎలా ఉంది?" అన్నారు. బల్ల చుట్టూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ప్లేటు తీసుకెళ్ళవలసిన వంతు ఆ నెల నాది.

అక్టోబరు నుంచి నాతో రోజూ మాట్లాడే మనిషి రేడియోలో వాతావరణం చెప్పే ఆయన ఒక్కడే. ఆయన మంచివాడే, కాని మనం చెప్పేది వినడు. ఈ బుధవారాలు కూడా ప్లేటులో పెట్టి ఇంటికి పంపేస్తే, నాకు ఇక మిగిలేది వాతావరణమే.

"గౌరవం వద్దు డ్వైట్," అన్నాను. "మామూలు సభ్యత్వం చాలు. సమీక్ష రాసి తెస్తా."

కారు మా షెడ్డులోనే ఉంది. కెస్ట్రెల్, అరవై ఏడో సంవత్సరంది, వెన్న రంగు. దాన్ని తయారుచేసిన కంపెనీ మా పెళ్ళికి ముందే మూతపడింది. నేల మీద కూర్చున్న పిల్లిలాగా ఉంటుంది. లోపలికి ఎక్కం, దిగుతాం. బయటికి రావాలంటే ముందు రెండు కాళ్ళూ బయట పెట్టి, తర్వాత మర్యాద సంగతి మరిచిపోవాలి. వంటింటి బల్ల దగ్గర కూర్చుని రెండు గంటల్లో రాసేశాను. మూడు లోపాలు అడిగితే పదకొండు వచ్చాయి. ముందుగా చూసి చెప్పమని డ్వైట్ ఇంట్లో ఇచ్చి వచ్చాను.

మర్నాడు డ్వైట్ ఆ కాగితాలు పట్టుకుని ఇంటికి వచ్చాడు. కాఫీ పోశాను. కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివాడు.

"'ఎదుటి సొరుగు మూత మలుపు తిరిగినప్పుడల్లా ఊడి మోకాళ్ళ మీద పడుతుంది. హీటరు వేస్తే నడిపే ఎడమ సీటుకు జూలై వేడి, పక్కనున్న కుడి సీటుకు జనవరి చలి. నేను దుప్పటి కప్పుకుని ప్రయాణం చేస్తాను. నడిపేవాడు చొక్కా చేతులు మడుచుకుంటాడు.' ఇది సమీక్ష కాదు ఆర్డిస్, పితూరీ."

"లోపాలు రాయమంది మీరేగా."

"బండి నడిపినవాళ్ళు రాయాలి. ఇదంతా పక్క సీటు కథ. ఇంజను మాటే లేదు ఇందులో."

"ఉంది చూడు. ఎనిమిదోది."

వెతికి చదివాడు. "'ఇంజను చప్పుడు చేస్తుంది.'" కాగితం కింద పెట్టాడు. "చూడు, నీకు క్లచ్ ఉన్న మూడు పెడళ్ళ బండి రాదు. డెబ్భై రెండేళ్ళు నీకు. హాయిగా గౌరవం పుచ్చుకోరాదూ?"

"మే పదిహేనుకి వస్తాను. నడుపుకుంటూ వస్తాను. నాకు రెండు వారాలు చాలు."

"హార్లన్ నీకెప్పుడూ నేర్పలేదా?"

"నేనెప్పుడూ అడగలేదు," అన్నాను. నిజానికి ఒకసారి అడిగాను. ఆదివారం నేర్పుతానన్నాడు. ఏ ఆదివారమో నేను మళ్ళీ అడగలేదు, తనూ చెప్పలేదు.

మా ఇంటి వెనకే, కౌంటీ సంత జరిగే మైదానం వేసవి దాకా ఖాళీగా పడి ఉంటుంది. మొదటి రోజు డ్వైట్ భార్య లవాన్ తోడు వచ్చింది. నలభై ఏళ్ళ స్నేహం మాది. పక్క సీటులో కూర్చుని, తలుపు పిడి గట్టిగా పట్టుకుంది.

"ఎడం కాలు మెల్లగా వదలవే. మెల్లగా! గుడ్ల బుట్ట మీద కాలు పెట్టినట్టు."

"గుడ్ల బుట్ట మీద కాలెందుకు పెడతానే?"

కారు కప్పలాగా మూడుసార్లు గెంతి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ గెంతింది. పశువుల పాక దాకా అలాగే వెళ్ళాం.

"ఆర్డిస్, నేను దిగిపోతా."

"ఆగాక దిగు."

"ఇప్పటికి పన్నెండుసార్లు ఆగింది, పదమూడోసారి దిగిపోతా." దిగి, నడుం పట్టుకుని కాసేపు నిలబడింది. "ఏమీ అనుకోకే. పాప్‌కార్న్ గింజకి ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది. నడిచి వెళ్తా, ఆరోగ్యం కూడాను."

తర్వాతి రోజుల్లో ఒక్కదాన్నే వెళ్ళాను. పొద్దున తొమ్మిదింటికి వెళ్ళి, మైదానం చుట్టూ తిరిగి, పన్నెండింటికి వచ్చేదాన్ని. పక్క సీటులో చేతిసంచీ పెట్టేదాన్ని. గెంతినప్పుడల్లా అది కింద పడేది, కాని దిగిపోతానని అనలేదు.

ఐదో రోజు సీటు ముందుకు జరుపుకోవడానికి కిందంతా తడుముతుంటే, ఎడమ మోకాలి పక్కన, స్టీరింగు కింద, ఒక నల్లటి చిన్న పిడి చేతికి తగిలింది. మీద రాసిన అక్షరాలు అరిగిపోయాయి. లాగాను. ఏమీ కాలేదు. కాసేపటికి కుడి పక్క నుంచి వెచ్చగా గాలి వచ్చింది. చెయ్యి చాపి చూశాను. చేతిసంచీ కాళ్ళు పెట్టుకోవలసిన చోట సుబ్బరంగా జూలై.

ఇంజను ఆపి కూర్చున్నాను. హార్లన్ రొట్టెలు కాల్చే పెట్టె కొన్నా, దానితో వచ్చిన పుస్తకం చివరి పేజీ దాకా చదివే మనిషి. ఈ పిడి సంగతి తెలియకుండా ఉండదు. తెలిసి, ముప్ఫై నాలుగేళ్ళు, నన్ను దుప్పటిలో కూర్చోబెట్టాడా? తెలియకపోతే, తెలియలేదని చెప్పడానికైనా ఇప్పుడు తను ఉండాలి కదా. మామూలుగా నాకు కోపం వస్తే గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని, తను పక్క గదిలోంచి "ఏమైంది?" అనేవాడు. ఆ సాయంత్రం గిన్నెలు చాలా గట్టిగా పెట్టాను.

మే పదిహేనున సన్నగా తుంపర పడింది. మా ఇంటినుంచి కస్టర్డ్ దుకాణానికి నాలుగు మైళ్ళు. పంతం కొద్దీ ఆ పిడి లాగే ఉంచాను, పక్కన ఎవరూ లేకపోయినా. దాణా మిల్లు దగ్గర ఎత్తు మీద ఆగవలసి వచ్చింది. వెనక పాల లారీ. కారు నాలుగుసార్లు ఆగిపోయింది. లారీ అతను హారన్ కొట్టలేదు. మా ఊరివాడే పాపం. నాలుగోసారికి దిగి వచ్చి, కిటికీ దగ్గర వంగి, "వాన పంటలకి మంచిదే కదండీ," అని, వెళ్ళి మళ్ళీ లారీలో కూర్చున్నాడు. ఐదోసారి ఎక్కింది. దారంతా ఎదుటి అద్దం మీద ఆవిరి పట్టి రోడ్డు కనపడలేదు. స్వెట్టరు చేత్తో తుడుచుకుంటూ, తల కిటికీలోంచి బయట పెట్టి, తడిసి, ఎలాగైతేనేం చేరాను.

పదకొండు కార్లు ఉన్నాయి. వాన ఆగింది. కారు దిగుతుంటే అందరూ లేచి నిలబడ్డారు. అది గౌరవమో, కారు మీదికి వస్తుందన్న భయమో తెలియలేదు.

కారు పక్కన నిలబడి కొత్త సమీక్ష చదివాను.

"లోపం ఒకటి. దీని క్లచ్‌కు మనిషంటే నమ్మకం లేదు. లోపం రెండు. వెనక ఏం వస్తోందో కనపడదు. అద్దంలో కనపడేది మన జుట్టు, అది చూసుకోవాలని నాకు లేదు. లోపం మూడు. ఎడమ మోకాలి పక్కన ఒక నల్ల పిడి ఉంది. దాన్ని లాగితే వేడిగాలి పక్క సీటుకు వెళ్తుంది. ఈ సంగతి కారు చెప్పదు, నడిపినవాళ్ళూ చెప్పలేదు. పొగడ్త. మూడో గేరులో, దున్నిన చేల మధ్య తిన్నగా పోయే రోడ్డు మీద, ఈ కారులో ఒక్కరే ఉన్నా ఏదో ఒక చప్పుడు తోడుంటుంది. మా ఇంట్లో ఆ సదుపాయం లేదు."

ఎవరూ హారన్ కొట్టలేదు. కొట్టాలంటే ముందు వెళ్ళి కార్లలో కూర్చోవాలి. ఎవరూ కదలలేదు కూడా. మగవాళ్ళు కిందికి చూస్తున్నారు. చివరికి వర్జిల్ చెయ్యెత్తాడు. క్లబ్బులో అందరికంటే పాతవాడు, ముప్ఫై నాలుగేళ్ళు హార్లన్ పక్క కుర్చీ అతనిదే.

"మూడోది లోపం కాదు, ఆర్డిస్."

"నీకేం తెలుసు, దుప్పటి కప్పుకున్నది నేను."

"ఆ పిడి లాగితే ఎదుటి అద్దానికి వెళ్ళే గాలి ఆగిపోద్ది. ఉన్న గాలి ఒకచోటికే సరిపోద్ది మరి. అద్దం మీద ఆవిరి కమ్ముకుంటది. నువ్వొచ్చేప్పుడు రోడ్డు కనపడిందా?"

నా తడి జుట్టు అందరూ చూస్తూనే ఉన్నారు.

"లేదు," అన్నాను.

"అదే. నీ కాళ్ళు వెచ్చగా ఉంటే రోడ్డు కనపడదు. రోడ్డు కనపడితే నీకు చలి. హార్లన్ ఎన్నిసార్లు తిట్టుకున్నాడో దాన్ని. ఓ ఏడాదంతా గొట్టం మార్చి చూశాడు. కుదర్లేదు. మా అందరికీ తెలుసు ఈ గొడవ."

"మీ అందరికీ తెలుసా?"

డ్వైట్ తల ఊపాడు. ఇంకో ఇద్దరు ఊపారు.

"నాకెందుకు చెప్పలేదు?"

వర్జిల్ టోపీ తీసి లోపలికి చూసుకున్నాడు. జవాబు అందులో ఉన్నట్టు. "చెప్తే నువ్వు భయపడి కారెక్కడం మానేస్తావేమో అన్నాడు ఒకసారి. ఆ ఒక్కసారే. ఎక్కువ మాట్లాడే మనిషి కాదుగా."

డ్వైట్ గొంతు సవరించుకున్నాడు. సెక్రటరీ కదా.

"ఇది కారు లోపం కిందికి రాదు మరి. పరికరం దాని పని అది చేస్తోంది. అంటే... ఆర్డిస్, నీకు రెండే లోపాలు వచ్చినట్టు. మూడు ఉండాలి."

"ఒరేయ్ డ్వైట్!" తిండి బల్ల దగ్గరనుంచి లవాన్ అరిచింది. మా నలభై ఏళ్ళ స్నేహంలో తను మొగుణ్ణి ఒరేయ్ అనడం నేను విన్నది అదొక్కసారే.

"షరతు షరతే కదే. హార్లన్ రాసిన షరతే ఇది."

"పర్లేదు లవాన్," అన్నాను. కారు వైపు తిరిగాను. అద్దం మీద ఆవిరి ఇంకా పోలేదు. పక్క సీటులో చేతిసంచీ పడుకుని ఉంది. ఇంట్లో రాసిన పదకొండు లోపాల్లోంచి ఒకటి చెప్పవచ్చు, కాని అవన్నీ పక్క సీటులో కూర్చున్న మనిషివి.

"లోపం మూడు," అన్నాను. "దీనికి రెండు సీట్లున్నాయి."

"రెండు సీట్లుంటే లోపమేంటి?" అన్నాడు డ్వైట్. అతనికి కాగితం మీద రాసుకోవాలి.

"ఒకటి ఎక్కువ."

డ్వైట్ రాసుకున్నాడు. రాసి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, తన కారు దగ్గరికి నడిచాడు. వెనకే మిగతావాళ్ళూ వెళ్ళారు. తలుపులు ఒకటొకటిగా వేసుకున్నారు. తర్వాత హారన్లు మోగాయి. వర్జిల్ కారు హారన్ మూడేళ్ళుగా పాడై ఉంది. అతను కిటికీలోంచి తల బయట పెట్టి నోటితో కూశాడు.

అంతే, సభ్యురాలినయ్యాను. ఇక అలవాటు ప్రకారం అందరూ ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళిపోయారు. తిండి బల్ల దగ్గర నేను కూర్చునే కుర్చీలో ఎవరిదో కోటు ఉంది. లవాన్ దాన్ని తీసి, "రావే," అని చెయ్యూపింది. మగవాళ్ళ కుర్చీల దగ్గరికి వెళ్తే మాట ఆపి, "ఏమన్నా కావాలా, ఆర్డిస్?" అన్నారు. అటూ ఇటూ నడుమ నా కారు ఉంది. బానెట్ ఎత్తడానికి మీట ఎక్కడుందో వెతుక్కుని, ఎత్తాను. లోపల అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఏది ఏమిటో తెలియదు. కారు వెనక నుంచి మడతకుర్చీ తీసి వేసుకుని, బానెట్ ఎత్తినవాళ్ళు కూర్చునే తీరులోనే కూర్చున్నాను. ఎవరైనా వచ్చి అడిగేదాకా ఎదురు చూడటమే ఇక్కడ పని.

చాలాసేపటికి వర్జిల్ తన కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి పక్కన వేసుకున్నాడు. ఇంజను వైపు చూశాడు. నేనూ చూశాను.

"హార్లన్ ఇక్కడ కూర్చుని ఇంకేం చెప్పేవాడు?" అని అడిగాను.

వర్జిల్ నిజంగానే ఆలోచించాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. నాకోసం ఏదైనా ఉందేమోనని ముప్ఫై నాలుగేళ్ళూ తిరగేసినట్టున్నాడు.

"ఏమీ లేదు ఆర్డిస్," అన్నాడు చివరికి. "కార్ల గురించే."

"సరే," అన్నాను, కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని. "అవే చెప్పు."