తేదీ అడిగితే ఎంటర్ కొట్టేయండి

ఆ డబ్బాని ఆమె ఒక్కతే మోసుకొచ్చింది. మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయదు. కింద వాచ్‌మన్ సాయం వస్తానన్నా ఇవ్వలేదు. మెకానిక్ బల్ల మీద దించి, కాసేపు ఆయాసం తీర్చుకుని, "నేను టైపు మాస్టారి అమ్మాయిని బాబాయ్ గారూ. నాన్న పోయి నెల దాటింది," అంది.

మెకానిక్ ఆమెని చూడకముందే ఆ కంప్యూటర్‌ని గుర్తుపట్టాడు. మనుషుల మొహాలు మరిచిపోతాడు గానీ తను విప్పిన యంత్రాన్ని మాత్రం మరిచిపోడు. టైపు మాస్టారంటే ఒకప్పుడు పేటలో సగం మందికి మీటల మీద వేళ్ళు ఆడించడం నేర్పిన మనిషి. కళ్ళు మూసుకుని నిమిషానికి అరవై మాటలు కొట్టేవాడు. కోపం ముక్కు మీదే ఉండేది. మెకానిక్ కూడా ఆయన దగ్గర మూడు నెలలు వెలగబెట్టాడు. "నీ వేళ్ళు మీటలకి పనికిరావురా, పోయి స్క్రూలు తిప్పుకో," అని తరిమేశాడు మాస్టారు. మనవాడు ముప్పై ఏళ్ళుగా అదే పనిలో ఉన్నాడు. కొత్త యంత్రాలవాళ్ళు ఈ మెట్లెక్కడం ఎప్పుడో మానేశారు. ఎవరూ ముట్టుకోని పాతవే వస్తాయి, వాటితో పాటు ఎక్కువగా ఇలాంటి మొహాలే వస్తాయి.

"అమ్మకి అర్జెంటుగా ఆపరేషన్ అన్నప్పుడు నాన్న ఊళ్ళో లేరు," అంది ఆమె. "కాగితం మీద నేనే సంతకం పెట్టాను. అమ్మ మళ్ళీ కళ్ళు తెరవలేదు. అప్పట్నుంచి రెండేళ్ళు నాన్న నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్తే గుమ్మంలోంచే పంపేసేవారు. కానీ నాకు ఉత్తరం రాస్తున్నానని పక్కింటావిడతో అన్నారట. ఇల్లంతా గాలించాను, కాగితం ముక్క దొరకలేదు. ఉంటే ఇందులోనే ఉండాలి."

"చూద్దాం తల్లీ," అన్నాడు మెకానిక్. చూద్దాం అనడం తప్ప అతను ఎవరికీ ఏ మాటా ఇవ్వడు.

మూత విప్పగానే మొహం మాడిపోయింది. బోర్డు మీద ఒక మూల గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ ఉంటుంది. అది కారిపోయి, చుట్టూ పచ్చగా చిలుము పట్టి, సన్నటి రాగి గీతల్ని తినేసింది. బ్యాటరీ పీకేశాడు. వెనిగర్‌లో ముంచిన పాత పళ్ళ బ్రష్‌తో చిలుము తోమాడు. తెగిన గీతల స్థానంలో వెంట్రుకంత తీగలు అతికించాడు. మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు ఆమెని రమ్మని, ఎదురుగానే స్విచ్ వేశాడు. డిస్క్ మొండికేసింది. దాన్ని ఊడదీసి, అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టి, మెల్లగా ఒక్క కుదుపు కుదిపి మళ్ళీ తగిలించాడు. ఈసారి గరగరమని తిరిగింది. యంత్రం తేదీ అడిగింది. ఎంటర్ కొట్టాడు.

జాబితాలో ఆమె ముద్దుపేరుతో రెండు ఫైళ్ళున్నాయి. పరాయివాళ్ళ రాతలు చదవకూడదని అతనికో నియమం. తెరిచిపెట్టి పక్కకి తిరిగాడు. కానీ ఆమే పైకి చదివింది.

మొదటిది పేజీ నిండా ఉంది. నువ్వు ఆగలేకపోయావు, నా కోసం ఒక్క పూట ఆగలేకపోయావు, మీ అమ్మతో పాటు నువ్వూ పోయావనుకుంటాను. అంతా అదే ధోరణి.

రెండోది ఎనిమిదే మాటలు. "అమ్మాయీ, సంతకం నువ్వు పెట్టకపోతే నేను పెట్టేవాణ్ణి. ఇంటికి రా."

ఆమె మెకానిక్ వైపు తిరిగి అడిగింది. "వీటిలో ఏది తర్వాత రాశారు?"

మెకానిక్ తేదీలు చూశాడు. రెండింటికీ ఒకటే తేదీ, 1980 జనవరి 1. గడియారం చచ్చిన యంత్రం స్విచ్ వేసిన ప్రతిసారీ ఆ రోజుకే వెళ్ళిపోతుంది.

చిన్నదే తర్వాతదమ్మా, అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఎవరు కాదంటారు? కానీ మూడేళ్ళ క్రితం ఇదే బల్ల ముందు, ఇదే డబ్బాతో నిలబడ్డ మాస్టారు కళ్ళముందు కదిలాడు.

"తెలీదు తల్లీ," అన్నాడు. "జాబితాలో వరస చూసి చెబుదామంటే, ఏదైనా చెరిపేసిన చోట కొత్తది దూరిపోతుంది, నమ్మడానికి లేదు. తప్పు నాది. రోజూ తేదీ తప్పు చూపిస్తోందని మాస్టారు నా దగ్గరికొచ్చారు. మీకు తేదీతో పనేముంది మాస్టారూ, అడిగితే ఎంటర్ కొట్టేయండి అన్నాను. బ్యాటరీ సొరుగులోనే ఉంది. బోర్డంతా విప్పాలని బద్ధకించాను."

"మార్చుంటే తెలిసేదా?"

"రోజుతో సహా తెలిసేది."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. అతనికి తల కొట్టేసినట్టయింది. మొహం దాచుకోవడానికన్నట్టు మళ్ళీ తెరవైపు తిరిగాడు. అప్పుడు కనిపించాయి, తేదీ పక్కన గంటలు.

"ఇది ఒక్కటి చెప్పగలను. స్విచ్ వేసిన క్షణం దీనికి సున్నా గంటలు, అక్కణ్ణుంచే లెక్క. ఆ పేజీడు ఉత్తరం రాసి సేవ్ చేసింది తొమ్మిదో నిమిషంలో. ఈ చిన్నది సేవ్ చేసింది మూడు గంటల యాభై రెండు నిమిషాలకి."

"ఎనిమిది మాటలకా?" అంది ఆమె. "నాన్న నిమిషానికి అరవై కొట్టేవారు."

"నాకు తెలుసమ్మా."

ఆమె ఏడ్చింది. దాచుకోకుండా, వెక్కిళ్ళు పెడుతూ ఏడ్చింది. తేరుకున్నాక నెమ్మదిగా అంది, "అయినా అంతసేపు కూర్చుని అది రాసి, మర్నాడు మనసు మార్చుకుని ఆ పేజీ కొట్టి ఉండొచ్చు కదా బాబాయ్ గారూ?"

"ఉండొచ్చు," అన్నాడు.

"రెండూ కాగితం మీద తీసివ్వండి."

ప్రింటర్ కీచుమంటూ రెండు కాగితాలు వదిలింది. మెకానిక్ వాటిని కలిపి మడవబోయి ఆగాడు. ఏది పైన పెట్టాలో తేలలేదు. ఆమె చేతిసంచి బల్ల మీద పెట్టేదాకా ఆగి, ఒక్కో చేతికి ఒక్కోటి ఇచ్చాడు.