తిరిగినంతసేపు

సత్యానందం నోరు విప్పితే పాఠమే. బోధన్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి చెప్పి, అన్నం వడ్డించమనడానికి కూడా సిద్ధాంతం చెబుతాడని భార్య శారమ్మ దెప్పేది. ఆ పాఠాలను ఇష్టంగా వినేవాడు ఒక్కడే, తమ్ముడు లాజరు.

లాజరు చక్కెర ఫ్యాక్టరీలో తొట్టి మిషన్ నడిపేవాడు. ఉడికిన చెరకు పాకాన్ని చిల్లుల తొట్టిలో పోసి గిర్రున తిప్పితే మడ్డి బయటికి చిమ్మి, చక్కెర లోపలి గోడకు పడుతుంది. ఎంతవరకు పోయాలో లోపల ఒక గీత ఉంటుంది. ఆ ఏడు సీజన్ చివర్లో పక్క మిషన్ మూలపడింది. గేటు బయట చెరకు బండ్లు ఎండలో బారులు తీరాయి. గీత దాటించి పోస్తే తప్ప పని తెమలదని షిఫ్టులో అందరూ అంటున్నారు. లాజరుకే ధైర్యం చాలలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక అన్న ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. సత్యానందం కొత్తగా చదివిన సంగతి ఎత్తుకున్నాడు. కాలి కుంచించుకుపోయిన తెల్లమరుగుజ్జు నక్షత్రం ఒకటి, జంట నక్షత్రం నుంచి పదార్థాన్ని లాక్కుంటుందట. అది తిన్నగా పడదు. చుట్టూ సుడి తిరుగుతూ వచ్చి పడి, తన తిరుగుడును కూడా నక్షత్రానికే ఇచ్చేస్తుంది. దాంతో నక్షత్రం బరువెక్కుతుంది, జోరూ పెరుగుతుంది. ఆ బరువుకు ఒక హద్దుంది.

లాజరు చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "హద్దు దాటితె పలగదా అన్నా?"

"జోరుగ తిరిగినంతసేపు పలగకపోవచ్చు తమ్మీ. ఆ తిరుగుడే బరువును ఆపుతది."

ఇంతలో ఫ్యాక్టరీ సైరన్ మోగింది. లాజరు చెయ్యి కడుక్కొని పరుగెత్తాడు. పదార్థం రావడం ఆగాక తిరుగుడు మెల్లమెల్లగా తగ్గుతుంది, అప్పుడు మోయలేక నక్షత్రం పేలిపోతుంది. మిగిలిన ఆ సగం వచ్చే ఆదివారం చెప్పొచ్చులే అనుకున్నాడు సత్యానందం. పాఠం మధ్యలో గంట కొట్టడం అతనికి అలవాటే.

గురువారం మధ్యాహ్నం కరెంటు పోయింది. తొట్టి నెమ్మదించగానే, మందంగా పట్టిన చక్కెర ఒక పక్కకు జారి తొట్టి ఊగిపోయింది. మూత ఎగిరి లాజరు రొమ్ముకు తగిలింది. నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

గీత దాటించింది లాజరేనని, ఏమీ కాదని అన్న చెప్పాడన్నాడని, షిఫ్టులో జతగాడు అబ్బాస్ సమాధి దగ్గర సత్యానందానికి చెప్పాడు. నక్షత్రం వేరు, ఇనుప తొట్టి వేరు అని సత్యానందం తనకు తాను ఎన్నిసార్లో చెప్పుకున్నాడు. ఆ మాట కూడా తమ్ముడికి చెప్పలేదు.

ఇంటికి ప్రార్థనకు వచ్చినవాళ్లు వెళ్లాక, లాజరు భార్య యేసమ్మ అతని ముందుకొచ్చి నిలబడింది.

"బావా, తెలివిలేక సచ్చిండని ఫ్యాక్టరీల అందరు అంటున్నరు. తిరిగినంతసేపు పలగదని మీరు చెప్పింది నిజమే గదా?"

"నిజమే యేసమ్మా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. గడపలో నిలబడిన అబ్బాస్‌తో, తన మొగుడు తెలిసే చేశాడని, లెక్చరర్ బావే ఒప్పుకున్నాడని గట్టిగా చెప్పింది. అబ్బాస్ సత్యానందం వైపు చూశాడు. నోట్లో నువ్వుగింజ నానని ఆ మనిషి మిగిలిన సగం మింగేసి, తల వంచుకు కూర్చున్నాడు.